రాకాసి గుళ్ళు

మా ఇల్లు శామీర్‌పేట చెరువు దాటాక, కరీంనగర్ రోడ్డుకు కాస్త లోపలికి ఉంటుంది. కట్టుకుని ఆరేళ్ళయింది. "అంత దూరంలోనా?" అని మూతి విరిచిన చుట్టాలే ఇప్పుడు ప్రతి ఆదివారం చెరువు చూసే వంకతో భోజనానికి దిగుతున్నారు. ఆ కథ మరోసారి. ఇప్పుడు చెప్పబోయేది మా పెరట్లో దొరికిన ఓ కుండపెంకు సంగతి. కుండపెంకు మీద వ్యాసమేమిటని పేజీ తిప్పేయకండి. దాని మూలంగా నాకు నెల రోజులుగా సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

మా వీధి చివర రోడ్డెక్కితే సిద్దిపేట, కరీంనగర్ మీదుగా తిన్నగా రామగుండం చేరుకోవచ్చు. అటువైపు బొగ్గు ప్రాంతంలోనే మా అక్కయ్య ఉంటుంది. బావగారు ముప్పై అయిదేళ్ళు గనిలో పనిచేసి రిటైరయ్యారు. అక్కడ గనిని 'బాయి' అంటారు. బాయిలో దిగినవాళ్ళు మాట్లాడటం తక్కువ, బావగారు మరీ తక్కువ. అలాంటి మనిషి ఓ రోజు తనే ఫోన్ చేసి, "పక్క ఊళ్ళో కొత్తగా భూగర్భ గనికి ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. నవలలు రాస్తావు కదా, వచ్చి నాలుగు మాటలు విను," అన్నారు.

నేను చదివింది బి.ఏ. చరిత్ర. బొగ్గు గురించి నాకు తెలిసిందల్లా పరీక్షకు బట్టీపట్టినంతే. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు, 1889లో తవ్వకం మొదలైంది, పక్కనున్న సింగరేణి గ్రామం పేరే కంపెనీకి వచ్చింది. అంతకుమించి ఏమీ తెలియదు. అయినా బస్సెక్కాను.

షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు, ఓ మూల వీడియో కెమెరా. చూడటానికి పెళ్ళిపందిరిలాగే ఉంది, పోలీసులు తప్ప. వేదిక మీద కలెక్టరు తరఫు అధికారి, కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళు కూర్చున్నారు. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి గనికి అనుమతి రావాలంటే ముందు నెల రోజుల గడువిచ్చి, పేపర్లో ప్రకటించి, ఊరివాళ్ళ మాట వినాలట. గాలి, నీళ్ళు, చప్పుడు, అడవి, పాత కట్టడాలు, అన్నిటి మీదా నివేదిక రాయాలట. ఆ నివేదిక దిండంత లావుంది.

మాట్లాడిన వాళ్ళందరూ ఉద్యోగాలడిగారు, బావులెండిపోతాయన్నారు, గోడలు బీటలిస్తాయన్నారు. న్యాయమే. చివర్న ఓ ముసలమ్మ లేచింది. చేతికి మైకు ఇస్తే దాన్ని కొంగుతో తుడిచి పట్టుకుంది.

"అయ్యా, మా చేన్ల రాకాసి గుళ్ళున్నయి. మా అత్త సచ్చేటప్పుడు గూడ వాటి జోలికి పోవద్దని చెప్పింది. మీ బుక్కుల ఏం లెవ్వని రాసుకున్నరట. ఒక్కపారి వచ్చి సూడున్రి."

నివేదిక తయారుచేసిన కుర్రవాడు పేజీలు తిరగేసి, "రక్షిత కట్టడాల జాబితాలో లేవమ్మా," అన్నాడు.

"జాబితల లేకుంటే చేన్ల లెవ్వా బిడ్డా?"

జనం నవ్వారు. వేదిక మీది అధికారి మాత్రం నవ్వలేదు, రాసుకోమన్నాడు. సభ ముగిసే ముందు, రాసుకున్నదంతా తెలుగులో పైకి చదివి వినిపించాలన్నది నియమం. తన మాట వచ్చేదాకా ఆవిడ నిలబడే ఉంది. 'రాకాసి గుళ్ళు' అని వినపడ్డాక కూర్చుంది.

ఆ రాత్రి బావగారు వివరంగా చెప్పారు. లోపల బొగ్గు తీసేటప్పుడు పైకప్పు కూలకుండా బొగ్గునే స్తంభాలుగా వదులుతారు. చివర్లో ఆ స్తంభాలు కూడా తీసేస్తే కప్పు కూలుతుంది, పైన నేల కుంగుతుంది. కుంగకూడదనుకున్న చోట స్తంభాలను ముట్టుకోరు, లేదా ఖాళీలో ఇసుక నింపుతారు. "పైన ఏముందో ముందే తెలియాలి. తర్వాత తెలిసి లాభం లేదు," అన్నారు బావగారు.

మర్నాడు ఆ చేనుకు వెళ్ళాం. పెద్ద పెద్ద గుండ్లు వలయంగా పేర్చి ఉన్నాయి. మధ్యలో నిలబెట్టిన బండరాళ్ళు మట్టిలోంచి కొద్దిగా తొంగిచూస్తున్నాయి. ఇనుము వాడకం నేర్చిన తొలి రోజుల మనుషులు తమవాళ్ళను పాతిపెట్టుకున్న చోట్లవి. రెండు మూడు వేల ఏళ్ళ నాటివి. ఇంతేసి రాళ్ళు మనుషులెత్తగలరా, రాక్షసులే ఎత్తి ఉంటారని ఆ పేరు పెట్టారు. నాగలి చాలులో ఓ పెంకు దొరికితే ముసలమ్మ నా చేతిలో పెట్టింది. బయట ఎరుపు, లోపల నలుపు.

నా గుండె ఝల్లుమంది. అచ్చు అలాంటి పెంకే మా ఇంట్లో కరివేపాకు కుండీ కింద ఉంది!

ఆరేళ్ళ కిందట సంపు తవ్విస్తుంటే మేస్త్రీ పరుగెత్తుకొచ్చి, "అమ్మా, కింద ఏందో పెట్టె లెక్కుంది. నాలుగు బండలు నిలబెట్టి ఉన్నయి. పని ఆపమంటరా?" అన్నాడు. జేసీబీకి గంటల లెక్కన అద్దె. గృహప్రవేశానికి ముహూర్తం ముంచుకొస్తోంది. "ఆపితే అద్దె నువ్విస్తావా? కానియ్యి," అన్నాను. గుండ్లు ట్రాక్టరెక్కి వెళ్ళిపోయాయి. బండల్లో ఒకటి నున్నగా, ఒబ్బిడిగా ఉందని బట్టలుతకడానికి ఉంచేశాను. అంటే చూశారూ, చరిత్ర చదువుకున్న నేను ఆరేళ్ళుగా ఎవరి సమాధి మీదో మావారి చొక్కాలు ఉతుకుతున్నాను.

అలాగని మా పక్క ఇవి లేవని తెలియకనా? బోయినపల్లి దగ్గర హష్మత్‌పేటలో ఇలాంటి సమాధులే కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో, ఇళ్ళ మధ్య ఇరుక్కుని ఉన్నాయి. మౌలాలిలో నిజాం కాలంలోనే తవ్వి చూశారు. పుస్తకంలో ఉన్నప్పుడు చరిత్ర, పెరట్లో ఉన్నప్పుడు అడ్డం! అన్నట్టు, 1878 నాటి నిక్షేపాల చట్టం ఒకటుంది. నేలలో దొరికినది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలట. నా పెంకు పది రూపాయలు చేస్తుందో లేదో గాని, దాన్ని ఎత్తి చూసినప్పుడల్లా చెయ్యి వణుకుతోంది.

మావారితో చెప్పాను. ఆయన పేపరు దించలేదు. "ఎక్కడా అనకు. అమ్మాయి పెళ్ళికి వెనక సగం స్థలం అమ్ముదామనుకున్నాం కదా? కింద శ్మశానమని తెలిస్తే గజం ఎవరు కొంటారు?"

కాదనలేకపోయాను. ఆడపిల్ల తల్లిని. కానీ పక్క ప్లాటులో ఓ కొత్త జంట వచ్చే నెల శంకుస్థాపన పెట్టుకున్నారు. వాళ్ళ గట్టు మీదా అలాంటి గుండ్లే, సగం వలయం. మిగతా సగం మా సంపులో పోయింది. ఆ ముసలమ్మకు ఉన్నది ఎకరమో, అరెకరమో. గని వస్తే నష్టపరిహారం తీసుకుని ఊరుకుంటే ఎవరడుగుతారు? అయినా మైకు పట్టుకుని నిలబడింది. ఆ మాట గుర్తొచ్చిన రాత్రి కూడా నిద్ర లేదు.

మొన్న మధ్యాహ్నం వెళ్ళి ఆ అమ్మాయికి చెప్పేశాను. మొహం తెల్లబోయింది. "ఆంటీ, మీరు ఆరేళ్ళుగా ఉంటున్నారు కదా, రాత్రిళ్ళు ఏమైనా చప్పుళ్ళు వినిపిస్తాయా?" అంది.

"మా ఆయన గురక తప్ప ఏమీ వినపడదమ్మా," అన్నాను. నవ్వేసింది. ఇద్దరం కూర్చుని రాష్ట్ర పురావస్తు శాఖకు ఉత్తరం రాశాం, తవ్వే ముందు ఒకసారి వచ్చి చూడమని. నా సంపు కథా అందులో దాచకుండా రాశాను. ముహూర్తానికి ఇంకా ఇరవై రోజులుంది. ఎవరైనా వస్తారో, ఈలోగా ఆ అబ్బాయి వాళ్ళ నాన్న జేసీబీ పిలిపిస్తారో చెప్పలేను.

ఉతికే బండ కడిగి గోడకు ఆనించాను. పెంకు నా రాతబల్ల మీద ఉంది. ఇక మిగిలింది మావారికి చెప్పడం. పత్రిక ఇంటికి రాగానే ఆయన ముందు తిప్పేది ఈ పేజీయే. ఆ రోజు గుత్తివంకాయ చేద్దామనుకుంటున్నాను.