అనంతగిరి గోడమీద పాచి

విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే రైలు కొండలెక్కడం మొదలుపెట్టగానే పిల్లలు సొరంగాలు లెక్కపెడతారు. వాళ్ళతోపాటు నేనూ లెక్కపెట్టి, పది దాటాక తప్పిపోయాను. బొర్రా స్టేషనులో దిగి గుహలు చూచాము. వాటినిగురించి వ్రాసినవారు చాలామందే ఉన్నారు. నేను చెప్పదలచినది ఒక గోడ సంగతి.

అనంతగిరి ఘాటురోడ్డులో మా జీపు ఇంజను వేడెక్కి ఆగిపోయింది. పక్కనే కొండచరియ జారకుండా కట్టిన రాతిగోడ. మార్చి నెలాఖరు కావడంచేత గోడమీద పాచి అంతా మాడిపోయినట్టు నల్లగా ఉన్నది.

"ఇక్కడా ఈ పీడేనా!" అన్నాను.

నా కోపానికి కారణం పక్కనున్న మిత్రుడికి తెలుసు. మా కళాశాలలోనే వృక్షశాస్త్రం చెబుతాడు. ఆరేళ్ళ క్రిందట మా అమ్మ నూతిచప్టామీద పాచికి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నది. మళ్ళీ లేచి నడవలేదు. నాటినుంచి మా పెరట్లో చప్టా అనక, ప్రహరీ అనక, పచ్చగా కనబడ్డ ప్రతిచోటా బ్లీచింగు చల్లి గీకిస్తున్నాను.

అతడు మాట్లాడకుండా తాగే నీళ్ళసీసా తీసి గోడమీద కాసిని వంచాడు. "ఇలా వచ్చి చూడండి మాస్టారూ!"

ఆవగింజంత కూడా లేని ఆకులు, ముడుచుకున్నవల్లా ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. నాలుగైదు నిమిషాలలో జానెడుమేర పచ్చబడింది. చుట్టూ గోడ నల్లగానే ఉంది.

దీనికి నిజమైన వేళ్ళు లేవట. రాతిని పట్టుకోవడానికి నూలుపోగులవంటివి ఉంటాయి, అంతే. నీటిని పైకి మోసుకుపోయే నాళాలూ లేవు. ఒళ్ళంతా నోరే, చినుకు ఎక్కడ పడితే అక్కడే తాగుతుంది. తడి ఆరితే తానూ ఎండిపోతుంది గాని చావదు. పువ్వు లేదు, గింజ లేదు. మగకణం ఆడకణాన్ని చేరాలంటే ఈదుకుంటూ పోవాలి, అందుకు పలుచని నీటిపొరైనా ఉండితీరాలి. ఆ తరువాత సన్నని కాడ ఒకటి లేస్తుంది. దాని కొసన డిప్పలో పిండివంటి సిద్ధబీజాలు తయారై గాలికి ఎగిరిపోతాయి. వీటి దాయాదులైన లివర్‌వర్టులకోసం లాహోరు ఆచార్యుడు శివరాం కశ్యప్ (1882-1934) హిమాలయాలు గాలించి, 1929లో గ్రంథం ప్రకటించాడు. గోరంత మొక్కకోసం కొండంత శ్రమ!

"మరి మా చప్టామీదిదో?" అన్నాను.

"జిగటగా ఉండేదా?"

"ఉండేది."

"ఆకూ కాడా లేని జిగురుపొర అయితే అది శైవలమండీ, వేరేజాతి. కాలు జార్చేది చాలామట్టుకు అదే. మీరు ప్రహరీమీద గీకించినది ఇది."

నేను తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి. చెరువులోదీ, చప్టామీదిదీ, గోడమీదిదీ అన్నీ నాకు నాచూ పాచీ మాత్రమే. పొద్దున్నే పళ్ళమీద తోముకునేదీ పాచే. ఈ గోడమీదిదానికి ప్రత్యేకంగా ఒక మాట ఉందా అని ఇంజను చల్లారేదాకా వెదుక్కున్నాను. పాఠ్యపుస్తకాలలో మాస్ అనే వ్రాస్తారని మిత్రుడు చెప్పాడు.

ఇంటికి వచ్చిన మరునాడు పనివాడు బ్లీచింగు డబ్బాతో వచ్చాడు. చప్టావరకు గీకితే చాలునన్నాను.