మానేశాక మొదలైంది

గంజాయి మానడం నాకు కష్టం కాలేదు. ఒక్క రాత్రిలో మానేశాను. ఆ తర్వాత మొదలైనది రెండేళ్లకు పైగా నన్ను వదల్లేదు. ఈ మాట ఎవరికి చెప్పినా మొదట అర్థం కాదు. మన పేపర్లలో వచ్చే మత్తు కథలన్నీ మానలేనివాళ్లవి. ఇంట్లో దొంగతనాలు, డీఅడిక్షన్ సెంటరు, తల్లి ఏడుపు. లేదంటే బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లు టేబుల్ మీద పేర్చి, వెనక పోలీసులు వరసగా నిలబడ్డ ఫొటో. ఈ రెండింట్లోనూ నాలాంటిదాన్ని నేనెప్పుడూ చూడలేదు.

మాది నర్సీపట్నం. నాన్న ఆర్టీసీ డ్రైవరు. ఆయన సర్వీసులో సగం చింతపల్లి, సీలేరు ఘాట్ రోడ్డు మీదే గడిచింది. కొండ దిగొచ్చే బస్సులాపి పోలీసులు బ్యాగులు విప్పించడం, సీటు కింద ఎవరూ తమదనని సంచీ దొరకడం మా ఇంట్లో అన్నాల దగ్గర చెప్పుకునే కబుర్లు. శీలావతి అనేది గంజాయిలో ఒక రకమని నాకు బళ్లో చదివేటప్పుడే తెలుసు. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు కొట్టించినప్పుడు నాన్న డ్యూటీ నుంచి రాగానే ఆ సంగతులే చెప్పేవారు. అయినా నేను దాన్ని మొదట తాగింది హైదరాబాద్‌లో, మణికొండలో, ఉద్యోగంలో చేరాక. "మీ ఊరి సరుకే" అని నవ్వుతూ ఇచ్చారు. అప్పుడప్పుడు శుక్రవారం రాత్రుళ్లు తాగేవాళ్లం. నవ్వొచ్చేది, ఆకలేసేది, నిద్ర పట్టేది. అంతకు మించి ఏమీ లేదు.

2022 వానాకాలంలో ఒక రాత్రి సరుకు ఘాటుగా ఉందని అందరూ అన్నారు. కాసేపటికి నాకు గుండెదడ పట్టుకుంది. చేతులు చూసుకుంటే నావి కావనిపించింది. కదపాలనుకుంటే కదులుతున్నాయి, కదిపేది మాత్రం నేను కాదు. పక్కమ్మాయి మాట పూర్తయ్యేలోపు దాని మొదలు మర్చిపోతున్నాను. చచ్చిపోతున్నానని అరిచానట. నిమ్మరసం తాగించారు, పెరుగు తినిపించారు, పొద్దున్నకల్లా దిగిపోతుందని పడుకోబెట్టారు. దడ దిగింది. మిగతాది దిగలేదు. అదే సిగరెట్టు పంచుకున్న మిగతావాళ్లు మర్నాడు ఇడ్లీలు తిని సినిమాకెళ్లారు.

ఆ మిగతాది ఏమిటో చెప్పడమే కష్టం. కంటిచూపు బాగానే ఉంది. రోడ్డు, చెట్టు, గోడ ఉన్నచోటే ఉన్నాయి, రంగులూ మారలేదు. దేనికీ నాకూ సంబంధం మాత్రం లేదు. మీటింగులో మాట్లాడుతున్నాను, తప్పులేకుండా మాట్లాడుతున్నాను, మేనేజరు మెచ్చుకున్నాడు కూడా. ఆ గొంతెవరిదా అని నేను పక్కన కూర్చుని వింటున్నాను. ఆకలి వేస్తున్నట్టు కడుపుకి తెలుస్తుంది, రుచి నాలుకకి తెలుస్తుంది, తిన్న తృప్తి ఎవరికీ చేరదు. నిన్నటి సంగతి తలుచుకుంటే ఎప్పుడో ఎవరో చెప్పగా విన్నదానిలా ఉంటుంది. అద్దం ముందు నిలబడితే ఆ మొహం నాదేనని తెలుసు. తెలియడం వరకే.

ఇలా ఉన్న మనిషిలో పైకి ఏమీ కనబడదు. ఒళ్లు కాలదు, దగ్గు రాదు. ఒక పెద్ద ఆసుపత్రిలో ఈసీజీ, థైరాయిడ్, బీ12, చివరికి తలకి ఎంఆర్ఐ కూడా తీశారు. అన్నీ నార్మల్. రిపోర్టులు చూసిన డాక్టరు గ్యాసన్నాడు, టెన్షనన్నాడు, వయసడిగి పెళ్లి చేసుకోమన్నాడు. మత్తు గురించి అక్కడ ఎవరూ అడగలేదు. పక్కన పిన్ని ఉంది, నేనూ చెప్పలేదు.

రాత్రిళ్లు ఫోన్‌లో వెతికేదాన్ని. పిచ్చి పట్టబోయే ముందు ఇలాగే ఉంటుందని ఒకచోట, జీవితాంతం పోదని ఇంకోచోట. చదివే కొద్దీ దడ, దడ పెరిగే కొద్దీ లోకం ఇంకాస్త దూరం. చివరికి సెలవు పెట్టి ఇంటికొచ్చేశాను.

వచ్చిన పూటే అమ్మ పట్టేసింది. "ఏటే, ఎవులో పరాయోల్ని చూసినట్టు చూస్తన్నావు నన్ను?" అంది. నాకు కాళ్లూ చేతులూ చల్లబడిపోయాయి. ఎందుకంటే అదే నిజం. అమ్మ మొహం గుర్తుపడుతున్నాను, అమ్మని చూస్తే కలగాల్సింది కలగడం లేదు. ఈ రెండూ విడివిడి సంగతులని, ఒకటి లేకుండా ఇంకోటి ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు. ఈ రెండేళ్లలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే. చావు భయం కూడా దాని తర్వాతే.

అమ్మ చెయ్యాల్సినవన్నీ చేసింది. ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. కొత్త అమావాస్యకి అనకాపల్లి నూకాలమ్మ జాతరకు తీసుకెళ్లింది. డప్పులు, జనం, ఎండ, పసుపు వాసన. ఆ తోపులాటలో నేను సొమ్మసిల్లి పడిపోతే, అమ్మవారు పలికిందని ఒకావిడ నాకు దణ్ణం పెట్టింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అమ్మ మీద నాకేం కోపం లేదు. నా ఒంట్లో ఏదో జరుగుతోందని ఏ రిపోర్టూ లేకుండా నమ్మింది ఆవిడొక్కతే. పెళ్లిచూపులొకటి కూడా అయ్యాయి. అబ్బాయి మంచివాడిలాగే ఉన్నాడు, వద్దన్నాను, ఇంట్లో గొడవైంది. దాని గురించి ఇంకేం లేదు.

ఒక రాత్రి రెండు గంటలప్పుడు దడ తట్టుకోలేక 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అని 2022 అక్టోబరులో కేంద్రం పెట్టిన లైన్, తెలుగులో మాట్లాడతారు. అవతలి అమ్మాయి కంగారు పడకుండా వింది. పాదాలు నేలకి ఆనించమంది, గదిలో కనబడేవి ఒక్కొక్కటీ పైకి చెప్పమంది. చెప్పాను. ఫ్యాను, దండెం, నాన్న ఖాకీ చొక్కా. దడ కొంచెం తగ్గాక, మానసిక వైద్యుల్ని కలవమని, కలిసినప్పుడు తాగిన సంగతి దాచొద్దని చెప్పింది.

విశాఖలో నన్ను చూసిన డాక్టరమ్మ పెద్దావిడ, మాట కరుకు. అమ్మని బయట కూర్చోమని తలుపేసి, "గంజాయా, ఇంకేదన్నానా?" అని సూటిగా అడిగింది. అంతా చెప్పాను. చెవిలో ఎవరన్నా మాట్లాడుతున్నారా, ఎవరన్నా నిన్ను కనిపెడుతున్నారనిపిస్తోందా, మీ ఇంట్లో ఎవరికైనా మతి తప్పిందా అని వరసగా అడిగింది. గంజాయి కొందరిలో నిజంగానే మతి తప్పిస్తుంది, అది ముందు తేల్చుకోవాలి అంది. తర్వాత అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

"లోకం మారిపోయిందంటావా, మారినట్టు నీకుందంటావా?"

"నాకే అలా ఉంది మేడమ్. లోకం బాగానే ఉంది."

"అయితే నీకు పిచ్చి లేదు. ఆ తేడా పోగొట్టుకున్నవాళ్లు ఇలా వచ్చి కూర్చోరు."

దీన్ని డీపర్సనలైజేషన్, డీరియలైజేషన్ అంటారని చెప్పింది. కొత్తదేం కాదట, లుడోవిక్ దుగా అనే ఫ్రెంచ్ ఆయన 1898లోనే దీనికి డీపర్సనలైజేషన్ అనే పేరు పెట్టాడు. నిద్ర లేనప్పుడు, యాక్సిడెంట్ అయినప్పుడు చాలామందికి కాసేపు వచ్చి పోతుంది. నూటికి ఒకరిద్దరిలో తిష్ట వేస్తుంది. భరించలేని భయం వచ్చినప్పుడు మెదడు మనసుకి తగిలేవాటిని తగ్గించేస్తుంది. భయం మొద్దుబారుతుంది, దాంతోపాటు అమ్మ మీద ప్రేమా మొద్దుబారుతుంది. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ కొవ్వులో నిలవుంటుంది, రోజూ తాగేవాళ్ల మూత్రంలో వారాల తరబడి కనబడుతుంది. అయితే నాలా అప్పుడప్పుడు తాగి నెలల కిందట మానేసినవాళ్లలో అదింకా ఉండదు. "ఆ సరుకు ఎప్పుడో పోయిందమ్మా. ఇప్పుడున్నది నీ భయమే. అది పోకుండా నువ్వే కాపలా కాస్తున్నావు" అంది.

దీనికంటూ ప్రత్యేకంగా మందు లేదని కూడా ఆవిడే చెప్పింది. దడ తగ్గడానికి రోజుకో మాత్ర రాసి, మొదటి రెండు వారాలు దడ ఇంకా పెరగొచ్చు, మానెయ్యకు అంది. పెరిగింది. మానలేదు. కాఫీ మానమంది, రాత్రిపూట ఫోన్ అమ్మ దగ్గర పెట్టమంది, ఇంట్లో ఒక్కరికైనా నిజం చెప్పమంది.

తమ్ముడికి చెప్పాను. వాడు ఆ రాత్రే నాన్నకి చెప్పేశాడు.

నాన్న మొదట అడిగింది "కేసవుద్దా?" అని. ఆయన్ని తప్పుపట్టను. ఎన్‌డీపీఎస్ చట్టంలో తాగినందుకూ శిక్ష ఉంది, తన బస్సులోంచి పోలీసులు ఎందరినో దింపి తీసుకెళ్లడం ఆయన కళ్లారా చూశాడు. డాక్టరమ్మకి చెప్పినంత మాత్రాన కేసవదని, రోగి వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉందని వివరించాక కొంచెం కుదుటపడ్డాడు. తర్వాత కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ఒకరోజు తెల్లారగట్ల లేపి "సీలేరు సర్వీసు, రా" అన్నాడు. ముందు సీట్లో కూర్చోబెట్టాడు. లంబసింగి దగ్గర పొగమంచు. నా జబ్బుకి పొగమంచు అస్సలు పడదు, ఉన్న లోకం కూడా కనబడకుండా పోతుంది. వణికిపోతున్నాను. ఆయన స్టీరింగు మీంచి కళ్లు తిప్పకుండా "బానెట్ మీద చెయ్యెయ్యి, కాలుద్ది" అన్నాడు. కాలింది. ఆ మాటే తప్ప దారంతా ఏం మాట్లాడలేదు. తిరుగుప్రయాణంలో చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులు నా బ్యాగు కూడా విప్పి చూశాడు. నాన్న తల పక్కకి తిప్పుకున్నాడు.

మాత్రలు దడ తగ్గించాయి. కాపలా మానడం మాత్రం నేనే నేర్చుకోవాల్సి వచ్చింది. దానికే ఎక్కువ కాలం పట్టింది. లేవగానే నా మొదటి పని, ఈ రోజెలా ఉంది అని చూసుకోవడం. అద్దంలో చూసుకోవడం, చెయ్యి గిల్లుకోవడం, అమ్మని చూసి ఏమన్నా అనిపిస్తోందా అని లోపల తడుముకోవడం. మానుతున్న పుండు మీద పక్కు పీకి మానిందా లేదా అని చూసుకున్నట్టే. ఫోన్‌లో అమ్మాయి నేర్పిన ఉపాయం కూడా నా చేతిలో ఇలాగే పాడైంది. ఆ రాత్రి అది ప్రాణం నిలబెట్టింది. నెల తిరిగేసరికి గదిలో వస్తువులు లెక్కపెట్టడం, నిజంగా ఉన్నాయా లేవా అనే పరీక్షగా మారిపోయింది. డాక్టరమ్మకి చెబితే, అదీ మానెయ్ అంది. లక్షణం ఉంటే ఉండనీ, దాన్ని పక్కన పెట్టుకునే పని చెయ్ అంది. వినడానికి ఎంత తేలిగ్గా ఉందో చెయ్యడానికి అంత కాదు.

ఎండాకాలం అమ్మ ఏజెన్సీ చింతపండు కొని, పిక్కలు తీసి, ముద్దలు కట్టి అమ్ముతుంది. నన్నూ కూర్చోబెట్టింది. ఇదేదో చికిత్స అని ఆవిడకి తెలియదు, మనిషి తక్కువై కూర్చోబెట్టింది. కర్రతో కొట్టడం, పీచు లాగడం, పిక్క తీయడం. గోళ్లల్లో పులుపు దిగి మంట. చుట్టూ ఆడవాళ్లు వీధిలో వాళ్లందరి బాగోతాలూ చెప్పేవారు. ఒక మధ్యాహ్నం లేచి చెయ్యి కడుక్కుంటుంటే తట్టింది, పొద్దుట్నుంచి ఒక్కసారీ చూసుకోలేదని. తట్టగానే మళ్లీ చూసుకున్నాను, మళ్లీ వచ్చేసింది. కానీ ఆ పూట నా చేతిలోంచి దాటిపోయింది కదా. తర్వాత అలాంటి పూటలు పెరుగుతూ వచ్చాయి. ఏ రోజు బాగైందో చెప్పమంటే చెప్పలేను.

ముందుగా తిరిగొచ్చింది సంతోషం కాదు, కోపం. తమ్ముడు నా సంగతి మేనత్త కొడుక్కి కూడా చెప్పేశాడని తెలిసి, చేతిలో ఉన్న చెంబు వాడి మీదికి విసిరేశాను. వాడు తప్పుకున్నాడు, గోడ సున్నం లేచింది. వీధంతా వినబడేలా తిట్టాను. తిడుతూ తిడుతూనే, ఈ కోపం నాదే, నా గుండెల్లోంచే వస్తోంది అని తెలిసింది. అమ్మ ఏమీ అర్థం కాక మా ఇద్దర్నీ కలిపి తిట్టింది.

ఇప్పుడు మళ్లీ ఉద్యోగం చేస్తున్నాను. మాత్రలు డాక్టరమ్మే నెమ్మదిగా తగ్గించి ఆపింది. పూర్తిగా పోయిందా అంటే, వరసగా రెండు రాత్రులు నిద్ర లేకపోతే వస్తుంది. తెల్ల లైట్లు దట్టంగా ఉన్న పెద్ద షాపుల్లో వస్తుంది. సామాన్లు కొనుక్కుని, బిల్లు కట్టి, దాంతోనే బయటికొస్తాను. ఎప్పుడు పోయిందో చూసుకోను.

ఆకేగా, ఏం చేస్తుంది అనేవాళ్లతో వాదించను. ఒక్కసారి తాగితే బతుకు బుగ్గే అని ఊదరగొట్టేవాళ్లతోనూ వాదించను. నేను చిన్నప్పట్నుంచీ ఉరుముకి మంచం కింద దూరే పిల్లని. నా పక్కన తాగినవాళ్లు కారు. ఎవరికి పడదో ముందే చెప్పే పరీక్ష ఏదీ లేదు.

పోయిన నెల అదే మేనత్త కొడుకు ఫోన్ చేశాడు. కాకినాడలో ఇంజనీరింగ్. "వదినా, నాకూ నీలాగే అయినట్టుంది, పోవట్లేదు" అన్నాడు. నీది పోయిందా అని అడిగాడు. చాలావరకు పోయింది, అయితే తొందరగా కాదు అన్నాను. నీదీ అదే అని నేను చెప్పకూడదు, ముందు డాక్టరు చూడాలి అన్నాను. రాత్రిపూట ఫోన్‌లో వెతకొద్దని చెప్పాను, వెతికే ఉంటాడు. వచ్చే సోమవారం విశాఖలో అదే డాక్టరమ్మ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. నేనూ వెళ్తున్నాను. వాళ్ల నాన్నకి ఎవరు చెప్పాలన్నది ఇంకా తేలలేదు. తమ్ముణ్ని మాత్రం ఇందులోకి రానివ్వలేదు.