బెంజి కారెక్కారా ఎప్పుడైనా?

బెంజి అనగానే మనకి సినిమా జమీందారో, ఎన్నికల్లో గెలిచిన పెద్దమనిషో గుర్తొస్తారు. జర్మనీలో రైలు దిగి బయటికొస్తే మాత్రం లేత దంతపు రంగు ట్యాక్సీలు వరుసకట్టి ఉంటాయి. వాటిలో బెంజిలకి కొదవుండదు! ఆ వంశంలో నాకు నచ్చిన బండి ఒకటుంది. కంపెనీ లెక్కలో దాని పేరు డబ్ల్యూ123. 1976 జనవరిలో వచ్చి, 1986 మొదట్లో ఆగిపోయింది. ఈలోగా దాదాపు 27 లక్షలు అమ్ముడుపోయాయి. కొత్తలో గిరాకీ ఎంతంటే, వంతు వచ్చేదాకా ఆగలేనివాళ్లు కొంచెం తిరిగిన బండిని కూడా కొత్తదాని ధరకే ఎగరేసుకుపోయేవారు.

వేగం సంగతి మాత్రం అడక్కండి. 55 హార్స్‌పవర్ డీజిల్ మోడల్ గంటకి వంద కిలోమీటర్లు అందుకోవాలంటే అరనిమిషం పట్టేది. ఆపాటికి పక్క సీట్లో ఆవిడ కిళ్లీ చుట్టడం పూర్తి చేస్తుంది. అసలు స్టార్టు చేయాలన్నా ముందు తాళం తిప్పి, లోపలి గ్లో ప్లగ్గులు వేడెక్కి దీపం ఆరిపోయేదాకా కూర్చోవాలి. అయినా ట్యాక్సీవాళ్లు ఎగబడి కొన్నారు. కారణం దాని ఇంజను: ఇనుప దిమ్మె లాంటి బ్లాకు, రెండు వరసల టైమింగ్ చైను, డీజిల్ ముందుగా ఓ చిన్న గదిలో అంటుకుని ఆ మంట సిలిండర్లోకి దూకే ఏర్పాటు. నలుసుల డీజిల్ ఎలాగూ పనికిరాదు గానీ, నాణ్యత కాస్త తక్కువైనా ఈ ఇంజను అలిగేది కాదు. అమెరికాలో కొందరు తర్వాత్తర్వాత దీన్ని హోటళ్లలో వేపుళ్లకి వాడి పారేసే నూనెతో కూడా నడిపారు.

నాకు ముచ్చటేసేది మాత్రం వాక్యూమ్ వ్యవహారం. డీజిల్ ఇంజనుకి స్పార్కు ఉండదు కదా, తాళం తీసినంత మాత్రాన ఆగదు. ఇంధనం కట్టేయాలి. ఆ పని ఈ బండిలో వాక్యూమ్ చేస్తుంది. ఇంజను మీదున్న చిన్న పంపు గాలి లాగేస్తుంటే, ఆ లాగుడుతోనే బ్రేకు తేలికవుతుంది, ఆ లాగుడుతోనే నాలుగు తలుపులూ ఒక్కసారి లాక్ అవుతాయి, ఇంజనూ ఆగుతుంది. ఇప్పుడు తమాషా చూడండి: వెనక తలుపు లాక్‌లో ఓ రబ్బరు పొర చిరిగిందనుకోండి, ఆ లాగుడంతా అక్కడే కారిపోయి, మీరు తాళం జేబులో వేసుకుని గుమ్మం ఎక్కినా వెనకాల ఇంజను టకటకలాడుతూనే ఉంటుంది! ఇలాంటి రోజొకటి వస్తుందని ఇంజనీర్లకి ముందే తెలుసు. బానెట్ ఎత్తితే లోపల 'స్టాప్' అని రాసిన మీట ఒకటి పెట్టారు. నొక్కితే ఆగుతుంది. బానెట్ కూడా మెకానిక్ నడుము పట్టేయకుండా నిలువునా లేస్తుంది. చెడిపోని బండి ఎవరూ చేయలేరు. చెడితే ఏం చేయాలో కూడా ఆలోచించిపెట్టారు చూడండి, నేను దండం పెట్టేది దానికే.

గ్రీసులో గ్రెగోరియోస్ సాచినిడిస్ అనే ట్యాక్సీ డ్రైవరు దీని ముందు తరం 240డి మీద, ఇంజన్లు మార్చుకుంటూ, 46 లక్షల కిలోమీటర్లు తిరిగి 2004లో బండిని కంపెనీ మ్యూజియానికి అప్పజెప్పాడు. మొరాకోలో ఐతే డబ్ల్యూ123 ట్యాక్సీల్లో ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక నలుగురు కూర్చునేవారు. అయిదుగురి కుటుంబం కోసం గీసిన కారది. అక్కడి ప్రభుత్వం కొత్త బండ్లకి డబ్బు సాయం ప్రకటించాక గానీ అవి రోడ్డు వదల్లేదు.

ఇక మన సంగతి. ఈ 240డి ఇంజను పేరు ఓఎం616. దాన్నే పుణె బజాజ్ టెంపో వాళ్లు లైసెన్సు తీసుకుని ఇక్కడ తయారుచేశారు. అదే కంపెనీ ఇప్పటి ఫోర్స్ మోటార్స్. టెంపో ట్రావెలర్‌లో, ట్రాక్స్‌లో అదే ఇంజను పెట్టారు. పెళ్లిబృందాన్ని, తిరుపతి మొక్కుని, సంతకి పోయే కూలీల్ని ఏళ్ల తరబడి మోసిన ఆ పాత తుఫాన్ బండి కూడా ట్రాక్స్ వంశమే. బానెట్ మీద నక్షత్రం లేదంతే. ఇకమీదట ఎవరైనా "బెంజిలో తిరిగావా ఎప్పుడైనా?" అని దెప్పితే, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని తుఫాన్ వెనక సీట్లో చేసిన ప్రయాణం లెక్కలోకి వేసేయండి.