ఏ జట్టులో చేర్చాలి?

ఆడపిల్లకు సంబంధం చూసేటప్పుడు పడే హైరానా ఇప్పుడు మన చెన్నైలో మగపిల్లాడికి క్రికెట్ జట్టు వెతకడంలోనూ పడుతున్నారు. మా చెల్లెలి కొడుక్కి పద్నాలుగేళ్ళు. ఆఫ్‌స్పిన్ వేస్తాడు, ఆరో నంబరులో బ్యాటింగుకు దిగుతాడు. వాణ్ణి పేరున్న అకాడమీకి మార్చాలా, ఇంటి దగ్గరి చిన్న క్లబ్బులోనే ఉంచాలా అని పోయిన వేసవంతా మా ఇంట్లో తర్జనభర్జన. అకాడమీవాళ్ళు బెంగుళూరు, హైదరాబాదు టోర్నమెంట్లకు తీసుకువెళ్తారు. ఫీజూ, ప్రయాణాలూ, కొత్త కిట్టూ కలిపితే చెల్లెలి గాజులు తాకట్టుకు పోవలసిందే. "రేపు ఇంజనీరింగు సీటు వస్తే అంతకు పదింతలు గిట్టుతుంది కదన్నయ్యా!" అని దాని లెక్క.

ఆ ఆశ గాలిలోంచి పుట్టింది కాదు. తమిళనాడు ఇంజనీరింగు ప్రవేశాలలో క్రీడాకారులకు 500 సీట్ల దాకా ఉన్నాయి. ఆర్ట్స్ కాలేజీలు కొన్ని ట్రయల్స్ పెట్టి ఆటగాళ్ళను చేర్చుకుంటాయి. అయితే సీటిచ్చేవాళ్ళు చూసేది అకాడమీ పేరు కాదు, సర్టిఫికెట్టు. దేశానికి ఆడాడా, రాష్ట్రానికి ఆడాడా అన్నదే ప్రశ్న. డబ్బు కట్టి పొరుగూరు వెళ్ళి గెలిచిన ప్రైవేటు కప్పు షోకేసులో బాగుంటుంది, అక్కడ అక్కరకు రాదు.

మరి రాష్ట్రజట్టుకు దారేది? స్కూలు ఆటలలో ఒక మెట్టు తరువాత ఒక మెట్టు ఎక్కాలి. క్రికెట్ సంఘం వైపు నుంచైతే పదహారేళ్ళలోపు వాళ్ళకు విజయ్ మర్చంట్ ట్రోఫీ, పందొమ్మిదేళ్ళలోపు వాళ్ళకు కూచ్ బిహార్ ట్రోఫీ. ఎటు పోయినా ఎంపిక చేసేవాళ్ళకు చూపవలసినవి పరుగులూ, వికెట్లూ. అవి బెంచీ మీద కూర్చుంటే రావు. మా వీధి కుర్రాడొకడు ఒక పెద్ద జట్టుతో ఊళ్ళు తిరిగి వచ్చాడు. అయిదు మ్యాచులకు వాడు వేసినవి నాలుగు ఓవర్లు. మిగతా సమయమంతా మంచినీళ్ళు మోశాడు.

ఈ ఊళ్ళో క్లబ్బు అనే మాటకు మన తెలుగువాడే ఒక అర్థం చెప్పి వెళ్ళాడు. చేపాకులోని దొరల క్లబ్బు మనవాళ్ళను దూరం పెట్టిన రోజుల్లో, 1888లో, బుచ్చిబాబు నాయుడు మద్రాస్ యునైటెడ్ క్లబ్బు పెట్టాడు. ఆడటానికి చోటు లేనివాళ్ళకు చోటివ్వడమే దాని పని. ఆయన కొడుకే కోటా రామస్వామి. 1922లో డేవిస్ కప్పు టెన్నిస్, 1936లో నలభయ్యో ఏట ఇంగ్లండులో టెస్టు క్రికెట్ ఆడిన ఘనుడు.

చదువూ ఆటా ఇక్కడ ఒకదానికొకటి శత్రువులు కావు. వెంకటరాఘవన్, శ్రీకాంత్ గిండీ ఇంజనీరింగు కాలేజీ విద్యార్థులే. ఎస్.ఎస్.ఎన్. కాలేజీలో చదివిన అశ్విన్ చిన్నతనంలో ఓపెనింగ్ బ్యాట్స్‌మన్. స్పిన్ బౌలరుగా స్థిరపడింది తరువాత. పద్నాలుగేళ్ళవాడు రేపు ఏమవుతాడో ఎవరు చెప్పగలరు? బ్యాటూ బంతీ రెండూ చేతికిచ్చే జట్టులోనే అది తేలుతుంది.

అందుకని రెండుచోట్లా మూడే ప్రశ్నలు అడిగాను. ఈ వయసు కుర్రాడు పోయిన ఏడాది ఎన్ని మ్యాచులు ఆడాడు? స్కోరు పుస్తకం చూపిస్తారా? పబ్లిక్ పరీక్షల నెలలో ఆట ఆపుతారా? అకాడమీలో రంగురంగుల కరపత్రం ఇచ్చారు. చిన్న క్లబ్బు పెద్దాయన ట్రంకుపెట్టె తెరిచి, అట్టలు చిరిగిన స్కోరు పుస్తకాలు ముందు పెట్టి, "చూసుకోండి సార్" అన్నాడు. మార్చిలో నెట్సుకు వచ్చిన పిల్లల్ని ఇంటికి తరిమేస్తాడట.

మేనల్లుడు అక్కడే ఉన్నాడు. "సీటు రాకపోతే?" అని చెల్లెలు ఇప్పటికీ అడుగుతుంది. రాకపోవచ్చు. రాష్ట్రానికి ఆడేది పిడికెడుమంది. అందుకే లెక్కలూ, ఫిజిక్సూ, కెమిస్ట్రీ వదలొద్దని వాడికి చెబుతున్నాను. ఎక్కువమందికి సీటు వచ్చేది ఆ ప్లస్‌టూ మార్కులతోనే. నవంబరు వానలకు మైదానాలు చెరువులయ్యేలోగా వాడు పదకొండు మ్యాచులు ఆడాడు. వికెట్లు పందొమ్మిది. ఒక్కొక్కటీ ఎలా పడిందో రాత్రి అన్నాల దగ్గర వాళ్ళమ్మకు చెబుతుంటే, ఆమె కూడా సీటు మాట మరిచి వింటోంది.