‘మాలపల్లి’ని పిల్లలచేత చదివించవచ్చునా?

అమెరికా దేశంలో ఒక వివాదం ఎంతోకాలంగా నడుస్తున్నది. నల్లజాతివారిని కించపరచే ఒక మాట ఉన్నదన్న కారణంగా ప్రసిద్ధ నవలలను బడిపిల్లల పఠనగ్రంథాల నుండి తొలగించవచ్చునా అన్నదే ఆ వివాదం. 2018లో మినసోటా రాష్ట్రంలోని డులూత్ పట్టణంలో హార్పర్ లీ, మార్క్ ట్వేన్‌ల నవలలను తప్పనిసరి పాఠాలనుండి తీసి, గ్రంథాలయంలో మాత్రం ఉంచారు. అంతకుముందు 2011లో ఒక ప్రచురణసంస్థ ట్వేన్ నవలలో ఆ మాట ఉన్నచోటనల్లా ‘బానిస’ అని మార్చి అచ్చువేసింది.

ఇది పరాయివారి గొడవ అని మనం ఊరుకోవడానికి వీలులేదు. మనకు ఆ మాట నవల లోపల కాదు, అట్టమీదనే ఉన్నది.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు ‘మాలపల్లి’ని కారాగారంలో వ్రాశారు. 1922లో అచ్చయిన కొద్దికాలానికే మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పాఠ్యగ్రంథంగా స్వీకరించింది. 1936లో మళ్ళీ నిషేధం రాగా పాఠ్యగ్రంథాల జాబితానుండీ తొలగిపోయింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చిన పిమ్మటనే ఆ సంకెల తెగింది. ఆనాటి దొరతనానికి అందులోని కులనామం అభ్యంతరం కాలేదు. సంగదాసు వంటి పాలేరు కూలివారి పక్షాన తల ఎత్తి నిలవడమే కంటగింపైనది.

నేడు అభ్యంతరం వేరు. అది దయలోనుండి పుట్టినది. పిల్లల మనసు నొచ్చుకుంటుందేమో అన్న భయం. ఈ భయాన్ని తేలికగా తీసివేయరాదు.

మా తిరువూరు ప్రాంతంలో నేను తెలుగు చెప్పిన తరగతులలో పల్లె నుండి వచ్చిన పిల్లలు ఎందరో ఉండేవారు. ఒకసారి ఈ నవలలోని కొంతభాగం తరగతిలో చదివిస్తున్నానని తెలిసి ఒక విద్యార్థి తండ్రి, కూలిపని చేసుకొనేవారు, బడికి వచ్చి ఇట్లా అడిగారు: “ఆ పేరుతో పిలిపించుకోకూడదనే గదండీ మాస్టారూ పిల్లోణ్ణి బడికి పంపింది. బడిలోనూ అదే పేరయితే ఎట్టాగండీ?”

మమ్మటుడు కావ్యదోషాలను వివరించి, చివరకు వక్త మొదలైనవారి ఔచిత్యాన్ని బట్టి దోషం కూడ ఒక్కొక్కచోట గుణమవుతుందన్నాడు. అనుకరణంలో ఏ దోషమూ దోషం కాదన్నాడు. చౌదరయ్య నోట వచ్చిన తిట్టు లక్ష్మీనారాయణగారి తిట్టు కాదు. తిట్టేవాడు ఎటువంటివాడో మనకు చూపడానికే అది అక్కడ ఉన్నది. ఆ మాటను తీసివేస్తే చౌదరయ్య మంచివాడవుతాడు, సంగదాసు పడిన బాధ అబద్ధమవుతుంది.

శాస్త్రం ఇంతవరకు సరిపోతుంది. కాని తరగతిగదిలో ఇంకొక వక్త పుడతాడు. చదివే పిల్లవాడు ఆ మాటవద్ద ఆగి, వెనుక బల్లవైపు తిరిగి ఒక్క చిరునవ్వు నవ్వితే, అది అనుకరణం కాదు. ఆ క్షణాన ఆ తిట్టు వాడిది. మమ్మటుడు దీనికి సమాధానం చెప్పలేదు.

ఆ తండ్రికి నేను అలంకారశాస్త్రం వినిపించలేదు. గ్రంథకర్త ఎవరో, ఎక్కడ కూర్చుని వ్రాశారో, దొరలు ఎందుకు భయపడ్డారో మాత్రం చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “అయితే చదవనీయండి. మావాడి చేత మాత్రం గట్టిగా చదివించబాకండి, వాడి వైపు ఎవర్నీ చూడనీయబాకండి” అన్నారు.

పదవీవిరమణ వరకు నేను పాటించిన నియమం అదే. చరిత్ర చెప్పిన తరువాతనే పుస్తకం తెరిచేవాణ్ణి. అటువంటి ఘట్టాలు నేనే చదివేవాణ్ణి. పిల్లలకు పాత్రలు పంచి సంభాషణలు పలికించేవాణ్ణి కాను. పై తరగతులకు తప్ప చెప్పేవాణ్ణి కాను.

అయితే అన్నిటినీ ఒకే గాటన కట్టరాదు. కులాలను ఎగతాళి చేసే సామెతలను ‘జాతీయాలు’ అన్న పేరుతో బట్టీపట్టించి, సొంతవాక్యంలో ప్రయోగించమనడం వేరు. అక్కడ తిట్టేవాణ్ణి నిలదీసే రచయిత లేడు, తిట్టు ఒక్కటే ఉంటుంది. వాటిని పాఠాలనుండి తొలగిస్తే సారస్వతానికి వచ్చే లోటేమీ లేదని నా నిశ్చితాభిప్రాయం. నిఘంటువులలో ఉండనీయండి, పరిశోధకులు చూచుకుంటారు.

‘మాలపల్లి’ అట్లా కాదు. దానిని మొదటిసారి భయంతో దూరం చేశారు, ఇప్పుడు దయతో దూరం చేస్తే ఫలితం ఒక్కటే. పల్లె పిల్లవాడు తన తాతముత్తాతలు తలవంచని కథను చదువకుండానే బడి దాటిపోతాడు. మిగిలిన పిల్లలు తమ ఇంటి మాటలు ఎవరిని గాయపరచాయో తెలియకుండానే పెద్దవారవుతారు. ఈ రెండవ నష్టమే పెద్దదని నాకు అనిపిస్తుంది.

ఉపాధ్యాయమిత్రులు, ముఖ్యంగా ఆ పల్లెలనుండి చదువుకొని వచ్చినవారు, తమ అనుభవాలను తెలిపితే సంతోషిస్తాను. నాతో విభేదించినా సరే.