మరునాడు కూడ వచ్చిన పొరుగువాడు



మంచి సమరయుని ఉపమానము సండేస్కూలు నుండి మనకు తెలిసినదే. లూకా సువార్త 10వ అధ్యాయములో ఉన్నది. క్రిస్మసు కార్యక్రమములో మన పిల్లలు దానిని నటించినప్పుడు, గాయపడినవానిని సత్రమునకు చేర్చగానే అందరు చప్పట్లు కొడతారు. అక్కడితో నాటిక అయిపోతుంది. ఆ తరువాతి సంగతి ఎవరును నటించరు. ఆ సమరయుడు రాత్రి అక్కడనే ఉండి పరామర్శించాడు. తెల్లవారిన తరువాత పూటకూళ్లవాని చేతిలో రెండు దేనారములు పెట్టాడు. మిగిలిన లెక్క తిరుగు ప్రయాణములో చూచుకొందామన్నాడు. అనగా మళ్లీ వస్తాడన్నమాట. మాకు ఈ ఉపమానములో మిక్కిలి ఇష్టమైనది ఈ మరునాటి సంగతే.

మన ప్రాంతములో సేవ అనగానే పెద్దలకు జడ్చర్ల మిషను దవాఖాన, బోర్డింగు బడులు గుర్తుకు వస్తాయి. డబ్బు గలవారు, చదువుకొన్నవారు చేయవలసిన పని అనుకొంటారు. అది సరి కాదని మా అభిప్రాయము.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి ఆలంపూరు, రాజోలి ప్రాంతములను ముంచినది జ్ఞాపకము చేసికొనండి. అటువంటి వేళ లారీలలో బియ్యము, దుప్పట్లు వస్తాయి. తెచ్చినవారికి దేవుడు మేలు చేయును గాక. అయితే రాజోలి నేతగాండ్ల ఊరు. గుంట మగ్గము గల ఇంటిలో వరద తీసిన తరువాత గుంట నిండ ఒండ్రు మిగులుతుంది. దానిని తోడి, తడిసిన కొయ్యను ఆరబెట్టి, మగ్గము మరల నిలబెట్టువరకు ఆ ఇంటికి కూలి లేదు. దుప్పటి ఒక పూటలో పంచవచ్చును గాని, బురద ఒక పూటలో పోదు. దానికి కావలసినది ఒక పార, ఒక తట్ట, మరునాడు కూడ వచ్చు రెండు చేతులు.

వరద ఎప్పుడో గాని రాదు. వలస అటువంటిది కాదు. జూరాల, కల్వకుర్తి నీళ్లు పారిన గ్రామములలో కొంత తగ్గినది గాని, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు జిల్లాలలోను నేటికిని తాళము వేసిన ఇండ్లు, అరుగు మీద ఒంటరిగా కూర్చున్న వృద్ధులు కనబడుచునే ఉన్నారు. మేము ఒక అవ్వకు ఏమి కావలెనని అడిగితిమి. మేము అనుకొన్నది బియ్యము. ఆమె, “కోటా బియ్యం వస్తున్నయి బిడ్డా. నా కొడుకు సప్పుడు ఇనక పదిహేను దినాలాయె, ఈ ఫోను పలుకుతలేదు” అన్నది. ఫోనులో పైసలు అయిపోయినవి, అంతే! ఇప్పుడు తొమ్మిదవ తరగతి చదివే మన బిడ్డ ఒకతె సాయంత్రము పోయి పూనాకు ఫోను కలిపి ఇస్తున్నది. పింఛను ఒకనాడు చేతికి రాకపోతే మరునాడు మరల తోడు పోతున్నది. అవ్వ మందిరమునకు వస్తుందా అని సంఘములో ఒకరిద్దరు అడిగారు. ఆమె గోడ మీద ఎల్లమ్మ పటము ఉన్నది. సమరయుడు గాయపడినవానిని ఆ ప్రశ్న అడిగినట్లు లేఖనములో మాకెక్కడను కనబడలేదు.

మరియొక సంగతి. పట్టణములలో ఇరుకు గదులలో ఉండి పని చేసి వచ్చినవారిలో కొందరికి క్షయ కనబడుతున్నది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో మందులు ఉచితము. 2018 నుండి పౌష్టికాహారము కొరకు ప్రభుత్వము నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుండి దానిని 1000 చేసినది. చిక్కు ఎక్కడనగా, మందులు కనీసము ఆరు నెలలు వాడవలెను. రెండు నెలలలోనే దగ్గు తగ్గి, ఆకలి వేసి, “నాకు నయమైంది” అని మనిషి మాత్రలు మానుకొంటాడు. అప్పుడు చావక మిగిలిన క్రిములు మందుకు లొంగనివిగా మారవచ్చును. రోజూ ఎదుట కూర్చుండి మాత్ర మ్రింగించు పొరుగువారు ఒక ప్రాణమును నిలుపుతారు. దీనికి డాక్టరు చదువు అవసరము లేదు, ఆశా కార్యకర్త నేర్పిస్తుంది. అయితే నోరు అదుపులో ఉండవలెను. రోగి పేరు ప్రార్థన అంశముగా సభలో చదువుట మేలు కాదు. అతని అనుమతి లేనిదే పాస్టరుకు కూడ చెప్పనక్కర లేదు.

మా సంఘములో ఒక సహోదరి నాలుగు నెలలుగా ఈ పని చేయుచున్నది. ఎవరి ఇంటిలోనో మేము అడుగలేదు. వచ్చే నెల ఆమె కుమార్తె కాన్పుకు పోవలసి ఉన్నది. మొన్న ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత స్త్రీల చాప దగ్గర లేచి నిలువబడి, “అయ్యగారూ, నేను ఇరువది దినాలు ఊర్లో ఉండను. పొద్దున ఆరు గంటలకు నా బదులు పోయేటోళ్లు ఒకరు కావాలె. ఎక్కడికన్నది ఆ ఇంటోళ్లను అడిగి తరువాత చెప్తాను” అన్నది.

వెనుక వరుసలో ఇద్దరు చేతులెత్తారు.