సముద్రం అడుగున మా ఊపిరి

మదనపల్లె ప్రాంతం వారమైన మాకు నీళ్లంటే చెరువు, బావి, ఇప్పుడైతే బోరు. దిగుడుబావి మెట్లమీది నుండి దూకి ఈత నేర్చినవారం. సముద్రపు అడుగున ఊపిరి తీయవచ్చునని విన్నామే గాని, అది మనవంటివారికని ఎన్నడూ తలంచలేదు. అట్టి మేము అన్నదమ్ముల పిల్లలతో కలిసి ఐదుగురం ఒక ఫిబ్రవరిలో అండమాను దీవులకు వెళ్లివచ్చాము.

చెన్నైలో విమానమెక్కితే రెండు గంటల పైచిలుకు ప్రయాణం. దిగిన పోర్టుబ్లెయిరుకు 2024లో శ్రీ విజయపురమని పేరు మారింది. అక్కడినుండి ఓడలో చేరిన హావెలాక్ దీవికి 2018లోనే స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. ఆ దీవులలో స్థిరపడిన తెలుగువారు చాలామంది. రేవులో మన మాట వినబడగానే మా భయం సగం తీరింది.

నీటిలో దిగకమునుపు ఒక కాగితం చేతికిచ్చారు. ఉబ్బసం ఉన్నదా, గుండెజబ్బు ఉన్నదా, ఊపిరితిత్తుల జబ్బు ఎప్పుడైనా వచ్చినదా అని అందులో ప్రశ్నలు. మా అన్నయ్యకు యౌవనంలో క్షయ సోకింది. 1915లో తెరచిన మన ఆరోగ్యవరం శానిటోరియంలోనే నెలల తరబడి ఉండి స్వస్థపడ్డారు.

“ఎప్పటి మాటో కదా పెదనాన్నా, రాయకపోతే ఏం?” అన్నాడు మా అబ్బాయి.

“అడిగింది నా మేలుకే గదరా” అని ఆయన ‘అవును’ అని గుర్తు పెట్టారు. డాక్టరు పరీక్షించి వ్రాసి ఇవ్వనిదే దింపనన్నాడు శిక్షకుడు. ఇంత దూరం వచ్చి ఆయనొక్కరు ఒడ్డున మిగలడం మా అందరికీ కష్టమైంది.

కారణం శిక్షకుడే వివరించాడు. 10 మీటర్ల లోతున నీటి బరువు తోడై ఒత్తిడి రెండింతలవుతుంది. అక్కడ నిండుగా పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెండింతలుగా ఉబ్బుతుంది. మచ్చపడిన ఊపిరితిత్తిలో అది చిక్కుకుంటే ప్రాణాపాయం. అందుకే అందరికీ మొదటి ఆజ్ఞ: ఊపిరి బిగబట్టరాదు. బొటనవ్రేలు పైకెత్తితే ‘బాగుంది’ అని కాదు, ‘పైకి పోదాం’ అని అర్థం.

వీపున గాలి సిలిండరుతో ఒక్కొక్కరం ఒక్కొక్క శిక్షకుని వెంట దిగాము. లోతుకు పోనుపోను ఎరుపు రంగు ముందుగా మాసిపోయింది; మా అమ్మాయి ఎర్రచొక్కా బూడిదవన్నె అయింది. చారల చేపపిల్లలు సముద్రపుష్పాల వ్రేళ్ల నడుమ దాగి మమ్మును తొంగిచూచాయి. పగడం రాయి కాదు, చిన్న చిన్న ప్రాణుల కాపురం. వాటిలో నివసించే నాచే వాటికి అన్నం పెడుతుంది. నీరు మితిమీరి వేడెక్కితే ఆ నాచు వెళ్లిపోయి పగడం తెల్లబారుతుంది. 2010లో అండమానులో అట్లే విస్తారంగా తెల్లబారింది. కాబట్టి చేయి తగిలించరాదు, ముక్కయినా తేరాదు, తెస్తే నేరం.

పైకి వచ్చేసరికి అన్నయ్య లైఫ్ జాకెట్టు తొడిగి, ముఖాన అద్దం, నోట గొట్టంతో నీటిమీద తేలుతున్నారు. “మీ ఊపిరి బుడగలై నా చుట్టూ పైకి వచ్చిందిరా, ఎవరిది ఎవరిదో లెక్కపెడుతున్నాను” అన్నారు.

వెళ్లదలచిన పాఠకులకు రెండు మాటలు. పదేండ్లు నిండని పిల్లలను దింపరు. పలుమార్లు దిగినవారు 18 గంటలైనా గడవనిదే విమానమెక్కరాదు. ఒక రోజు మిగుల్చుకొనండి. ఆ కాగితంలో మాత్రం ఉన్నది ఉన్నట్టే వ్రాయండి.